జేబులో నునుపు గింజ

నేను చదివింది ఐదో తరగతి. ఇలా రాయడం ఇదే మొదటిసారి. కానీ ఎవరైనా ప్రిన్స్‌టన్ వెళ్తే బాగుంటుందని రాస్తున్నాను.

అమెరికాలో, ఎడిసన్‌లో నేనుండే మా అమ్మాయి ఇంటి కింది గదిలో హారిక అద్దెకుంటుంది. వరంగల్ పిల్ల. ఎమ్మెస్ అయ్యాక ఉద్యోగం కోసం చూస్తోంది. పోయినసారి వీడియో ఇంటర్వ్యూలో కంగారుపడి బొటనవేలి చర్మం గిల్లుకుంది. నెత్తురు చూడగానే మాట ఆగిపోయిందట. సోమవారం ఇంకో ఇంటర్వ్యూ.

శనివారం పొద్దున వంటింట్లోకి వచ్చి, "ఆంటీ, ఇంట్ల ఉంటే పిచ్చి లేస్తుంది. ప్రిన్స్‌టన్ పోయొద్దామా?" అంది. పులిహోర డబ్బాలో సర్దుకున్నాం.

తొమ్మిదిన్నరకి రైలెక్కాం. టికెట్లు హారిక ఫోన్‌లోనే తీసింది. కిటికీ బయట పొగమంచు. అందులోంచి పసుపు రంగు, కుంకుమ రంగు ఆకుల చెట్లు ఒక్కొక్కటే వచ్చి మాయమవుతున్నాయి. ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో దిగి చిన్న రైలు మారాలి, మర్చిపోకండి. దారంతా హారిక బొటనవేలు గిల్లుకుంటూనే ఉంది, కాస్త నెత్తురు కూడా వచ్చింది.

"మళ్ళీనా?" అన్నాను.

"తెల్వకుండనే చెయ్యి పోతది ఆంటీ."

ఊళ్ళో నడుస్తుంటే ఒక పెద్ద చెట్టు కింద టప్పుమని కాయ రాలింది. ఉమ్మెత్తకాయలా పైన ముళ్ళు. విప్పితే లోపల గింజ, పాలిష్ పెట్టిన టేకులా మెరుస్తోంది. కొరికి చూద్దామని నోటి దగ్గర పెట్టుకున్నాను. బెంచీ మీద కూర్చున్న తెల్లజుట్టు ఆవిడ "నో! నో!" అని లేచింది.

"తింటే విషమంట ఆంటీ. హార్స్ చెస్ట్‌నట్ అంటరంట," అంది హారిక.

ఆవిడ కోటు జేబులోంచి తన గింజ తీసింది. నల్లబడి, నున్నగా ఉంది. జేబులో ఉంచుకుంటే మోకాళ్ళ నొప్పులు పోతాయని వాళ్ళ నాన్న ఇచ్చాడట.

"పోయాయా అని అడుగు," అన్నాను.

హారిక అడిగింది. ఆవిడ పకపకా నవ్వింది. "పోలేదంట. గానీ చేతికి తోడుంటదంట."

వీటితో బట్టలు కూడా ఉతుకుతారట, ఆవిడే చెప్పింది. రాయితో ఒకటి చితక్కొట్టి మా నీళ్ళ సీసాలో వేసి ఊపాను. బుసబుసా నురగ!

"అచ్చం కుంకుడు రసమే!"

"మా నానమ్మ గట్లనే కుంకుళ్ళు కొట్టి తల రుద్దేది. కండ్లు మండి వాకిలంత ఉరికెటోళ్ళం," అని హారిక గట్టిగా నవ్వింది. ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ ఆ నవ్వు నేను వినలేదు. ఆకుల మీద కూర్చుని పులిహోర తిన్నాం, ఆవిడకీ పెట్టాం. చెట్టు మా చుట్టూ మెల్లగా కాయలు రాలుస్తూనే ఉంది. లేచేటప్పుడు హారిక ఒక గింజ ఏరి జాకెట్ జేబులో వేసుకుంది.

నాలుగింటికి తిరుగు రైలు. ఎండ బంగారంలా సీట్ల మీద పారుతోంది. హారిక చెయ్యి జాకెట్ జేబులో ఉంది.

"ఇంటర్వ్యూలో ముందేమడుగుతారు?" అన్నాను.

"నీ గురించి చెప్పు అంటరు."

"అయితే చెప్పవమ్మా. నేనే ఆఫీసరుని."

"అబ్బో, ఆఫీసర్ మేడమ్!" అని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఎక్కడా ఆగలేదు. జేబులో గింజ తిరుగుతున్నట్టు జాకెట్ కదులుతోంది.

అక్టోబరులో, గాలి వీచిన మర్నాడు వెళ్ళండి. గింజలు తినకండి. ఒకటి జేబులో వేసుకోండి. ఏ నొప్పి పోతుందో నాకు తెలియదు.

ఎడిసన్‌లో దిగేటప్పుడు హారిక చెయ్యి బయటికి తీసింది. గింజ చెమటకి తడిగా మెరుస్తోంది. బొటనవేలి మీద పొద్దుటి గాయం ఎండిపోయి ఉంది.

"కొత్తది లేదు ఆంటీ," అంది.