పక్క మీట నొక్కి చెప్పిన కబురు

2020 ఎండాకాలం, లాక్‌డౌన్. గల్ఫ్‌లోని ఓ కంపెనీ లేబర్ క్యాంపుల సర్వర్లను కోరుట్లలో మా ఇంటి ముందుగది నుంచి చూసుకునేవాణ్ణి. సర్వర్ అంటే ఇక్కడ కూలీల హాజరు నిల్వ ఉండే కంప్యూటర్. ఒకే తెర మీద చాలా సర్వర్లు తెరిచి ఉంచుకోవడానికి టీమక్స్ అనే ప్రోగ్రామ్ వాడతాను. ప్రతిసారీ పొడుగాటి చిరునామా కొట్టే ఓపిక లేక క్యాంపుకో షార్ట్‌కట్ రాసుకున్నాను. కంట్రోల్-బి నొక్కి, జె కొడితే ఒక క్యాంపు, కె కొడితే ఇంకోటి. ఆ తెలివికి నాలో నేనే మురిసిపోయేవాణ్ణి.

ఒక పొద్దున రుద్రంగి నుంచి లక్ష్మక్క వచ్చింది. మా వదినకు పిన్ని కూతురు. ఆమె భర్త గంగారాం జె క్యాంపులో ఉండేవాడు. ఆమె చేతిలో, భర్త జాడ కనుక్కోమని సిరిసిల్ల కలెక్టరాఫీసులో ఇవ్వాల్సిన అర్జీ ఉంది.

“ఐదు దినాలాయె తమ్మీ, ఫోన్ బందున్నది. కంపెనీల ఎవ్వలు ఎత్తుత లేరు. జర నువ్వన్న చూడరాదు.”

“గింతేనా అక్కా. కూసో, నిమిషంల చెప్త.”

ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. నా వేలు జె బదులు కె మీద పడింది. రెండు తెరలూ ఒకేలా ఉంటాయి, పైన క్యాంపు పేరు కనిపించేలా నేను పెట్టుకోలేదు. గంగారాం అని వెతికాను. మా వైపు వాడకట్టుకో గంగారాం ఉంటాడు, ఆ క్యాంపులోనూ ఒకడున్నాడు. నిన్నటి హాజరు పడి ఉంది.

“నిన్న సుత డ్యూటీకి పోయిండు. మంచిగనే ఉన్నడు, ఫోనే కరాబైనట్టున్నది.”

ఆమె అర్జీ మడిచి సంచిలో పెట్టుకుని, నవ్వుకుంటూ వెళ్లింది.

ఆ తర్వాత తొమ్మిదో రోజు లక్ష్మక్క ఇంటికి కంపెనీ నుంచి కబురొచ్చింది. గంగారాం ముందురోజు ఆసుపత్రిలో కరోనాతో చనిపోయాడు, అక్కడే పూడ్చిపెట్టారు. జె క్యాంపు తెరిచి చూశాను. లక్ష్మక్క రావడానికి ఐదు రోజుల ముందే హాజరు ఆగిపోయింది. ఆమె మా ఇంట్లో కూర్చున్నప్పుడు అతను ఆసుపత్రి మంచం మీద బతికే ఉన్నాడు. ఆ అర్జీ వెళ్లి ఉంటే ఒక్కసారైనా గొంతు వినేదేమో.

రుద్రంగి వెళ్లి చెప్పాను.

“నేను చూసింది వేరే గంగారాంను అక్కా. తప్పు నాది.”

ఆమె తిట్టలేదు, తిట్టినా బాగుండేది.

“నీ మాట మీద గన్ని దినాలు మంచిగ తిన్న తమ్మీ. మంచిగ పండుకున్న.”

ఇప్పుడు నా షార్ట్‌కట్లు ఏది నొక్కినా ముందు క్యాంపు పేరు చూపించి, తెరవమంటావా అని అడుగుతాయి. అది పనిలో నేర్చుకున్నది. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఎవరైనా తమ మనిషి గురించి అడిగితే పేరుతో వెతకను, పాస్‌పోర్టు నంబరు అడుగుతాను. హాజరు పడింది, పడలేదు అని చెబుతాను. మంచిగున్నడు అన్న మాట మాత్రం మళ్లీ ఎవరికీ చెప్పలేదు.