సోమవారం ఆఫీసు ఉంది

మేముండే హాబ్సన్‌విల్ నుంచి సిటీకి వెళ్ళే బస్సు టైముకి వచ్చిన రోజు నాకు గుర్తులేదు. ఆ రోజూ ఆలస్యంగానే వచ్చి, నన్నొక తెలుగు పెద్దావిడ పక్కన కూర్చోబెట్టింది. నేను విప్పుకున్న మ్యాపు ఆవిడ ఒళ్ళోకి కూడా కాస్త పాకింది.

"నీది నీ ఒళ్ళోనే పెట్టుకో," అంది. మడిచాను. ఆ మడత ఇప్పటికీ విప్పలేదు.

అడక్కపోయినా చెప్పాను: చిన్న విమానం అద్దెకి తీసుకుని, నేనే నడుపుతూ, భార్యనీ పాపనీ సముద్రం అవతలి దీవి, సౌత్ ఐలాండ్ తిప్పుకొస్తానని.

"వాన పట్టుకుంటే?"

"దిగి ఆగుతాం ఆంటీ. కాకపోతే ఆదివారానికి వచ్చెయ్యాలి. సోమవారం ఆఫీసు ఉంది."

"బస్సే టైముకి రాదిక్కడ. నీకోసం మబ్బు తప్పుకుంటుందా?"

"లైసెన్సు ఉందండీ," అన్నాను, వీలైనంత వినయంగా.

ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

"అయితే పిల్లని ఇంట్లో వదిలేసి వెళ్ళు."