ఫోటో అయ్యేదాకా

హిందూపురం సేవాసంస్థలో పనిచేసే నీలావతికి ఒక అలవాటు. బియ్యం సంచీ ఎవరికిచ్చినా వెంటనే వదలదు. సంస్థ పేరు కనబడేలా దాన్ని తిప్పి, తీసుకునే ఆడవాళ్ల మొహం మీది కొంగు తనే సర్ది, "రవ్వంత నవ్వమ్మా" అంటుంది. జీపు డ్రైవర్ ఇంతియాజ్ సెల్లులో ఫోటో తీశాకే ఆమె పట్టు సడలుతుంది. ఫోటోలు అందకపోతే దాతలు చెయ్యి ముడుచుకుంటారు. అందుకే అదీ పనిలో భాగమే అనుకునేది.

ఆ ఎండాకాలం ధర్మవరంలో, మగ్గాలు ఆగిపోయిన ఇళ్లకు సంచులు పంచుతూ పంచుతూ, కళ్లు తిరిగి ఒక గడప మీద కూలబడింది. ఆ ఇంటి ముసలమ్మ ఓబుళమ్మ పోయిన నెల సంచీ పట్టుకుని ఫోటోకు నవ్వినామె. గబగబా లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చింది. నీలావతి ఆత్రంగా రెండు చేతులా అందుకుంది. చెంబు మాత్రం కదల్లేదు. ఓబుళమ్మ దాన్ని వదలకుండా, నవ్వు మొహంతో వీధి చివరి జీపు వైపు చూస్తోంది.

"వదులవ్వా, తాగుతా."

"ఏమిచ్చినా మీకు ఫోటో ఉండల్ల కదమ్మా?" అంది ఓబుళమ్మ. ఆ మాటలో ఎత్తిపొడుపు ఇసుమంతైనా లేదు. "ఫోటో తీసే ఆయప్ప యాడికి పాయె? పిలుచు. అంతదంకా పట్టుకోనుంటాలే."

నీలావతి తల వాలిపోయింది. ఓబుళమ్మ ఒక చెయ్యి తీసి, ఆమె మొహం మీద పడిన కొంగును మెల్లగా సర్దింది.

"రవ్వంత నవ్వమ్మా" అంది.