ఇంటి కొవ్వొత్తి

అమ్మ సమాధి మీద ఇప్పుడు తెల్ల కొవ్వొత్తే వెలిగిస్తున్నాను. కిరాణా కొట్లో దొరికే, పెట్రోలియం మైనంతో చేసిన మామూలుది. ఆమె చివరి రోజుల్లో దాన్ని ఇంట్లోకి రానివ్వనిది నేనే.

అమ్మకు ఆయాసం ఉండేది. ఏలూరులో మా అద్దె ఇంట్లో సాయంత్రం ప్రార్థనకు సిలువ ముందు కొవ్వొత్తి వెలిగించగానే దగ్గు అందుకునేది. నేను బడిలో సైన్సు చెబుతాను. ఫోనులో నాలుగు ముక్కలు చదివి, పెట్రోలియం మైనం విషమనీ సోయా మైనం స్వచ్ఛమనీ తేల్చేశాను. అమ్మ దాచుకున్న తెల్ల కొవ్వొత్తుల పెట్టెను చెత్తబండిలో పడేశాను. గాజు గ్లాసులో పోసిన, మల్లెల వాసన వేసే సోయా కొవ్వొత్తి తెప్పించాను.

అమ్మ గోటితో ఆ మైనాన్ని నొక్కి చూసింది. "ఇంత మెత్తగా ఉంది. మీ నాన్న సమాధి మీద నిలబడుద్దంటావా?"

"గ్లాసుంది కదమ్మా, నిలబడక ఎక్కడికి పోతుంది?" అని కసిరాను. నాకు అన్నీ తెలుసు మరి.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. సమాధుల పండుగకు ముందురోజు ప్రార్థనలో వెలిగించిన కొవ్వొత్తిని సగంలో ఆర్పి, ఆ మిగిలిన సగాన్నే మర్నాడు గుండుగొలనులో నాన్న సమాధి మీద అంటించేది అమ్మ. ఇంట్లో ప్రార్థన విన్న కొవ్వొత్తే ఆయన దగ్గర వెలగాలి. కొత్తది పనికిరాదు.

ఆ ఏడు బస్సు దిగే తోపులాటలో గ్లాసు పగిలిపోయింది. మైనపు ముద్దను కొంగులో కట్టుకుని వచ్చింది అమ్మ. చుట్టూ అన్ని సమాధుల మీదా తెల్ల కొవ్వొత్తులు నిటారుగా వెలుగుతున్నాయి. మాది అంటించగానే నీరైపోయి సిమెంటు మీద పారింది, ఒత్తి పక్కకు వాలి ఆరిపోయింది. మళ్లీ అంటించాం. కొల్లేటి మీంచి వచ్చే గాలికి మళ్లీ ఆరిపోయింది.

పక్క సమాధి దగ్గరున్న ఆవిడ, "ఏవండీ, మా దాంట్లో ఒకటి తీసుకోండి," అని ఒకటి అందించబోయింది.

"వద్దండీ," అంది అమ్మ. నా వైపు చూడకుండా, "మీ నాన్న మనం రాలేదనుకుంటారే," అంది. ఆ చీకటి సమాధి ముందు నిలబడి కూడా నేను తప్పు ఒప్పుకోలేదు. బస్సును తిట్టాను.

దగ్గూ తగ్గలేదు. ఆ వాసనకు ఇంకా పెరిగింది. ఆసుపత్రిలో డాక్టరుగారు మైనాల మీద నా ప్రసంగమంతా ఓపిగ్గా విన్నారు. "ఏ మైనం కాలినా పొగ పొగేనండీ. సెంటుది మానేయండి, ఒత్తి కత్తిరించండి, కిటికీ తీసి పెట్టండి," అన్నారు. దోమలొస్తాయని ఆ కిటికీని మూసి ఉంచింది నేనే. పిల్లలకు గాలి గురించి పాఠం చెప్పే నాకు కిటికీ గుర్తు రాలేదు. ఇది తలచుకున్నప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మరుసటి పండుగ దాకా అమ్మ ఉండలేదు. నాన్నకు ఇంటి దీపం పెట్టకుండానే ఆయన పక్కకు చేరింది.

పండుగ ముందురోజు ఇప్పుడు నేనొక్కదాన్నే తెల్ల కొవ్వొత్తి వెలిగించి ప్రార్థన చేసి, సగంలో ఆర్పి దాచుతాను. కిటికీ బార్లా తీసే వెలిగిస్తాను. దగ్గేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.