జీపు మెడలో కారు దండ

ఆదివారం పొద్దున ఆరింటికి హనుమకొండ నుంచి ఏటూరునాగారం బయలుదేరాం. అక్కడ మా మేనత్త గృహప్రవేశం. ముందు బాపు కొన్న ఏడు సీట్ల కొత్త కారు, వెనక వంటగిన్నెలతో తాత పాత జీపు. సాయంత్రం తిరిగి రాగానే ఆ జీపు తుక్కుకు పోతుంది. ఈ సంగతి బాపు తాతకు ముందురోజే, కారు పూజలో కొబ్బరికాయ కొడుతూ చెప్పాడు. కాయ పగిలింది. తాత వంగి చిప్పలు ఏరాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. కేసముద్రం మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోసి బాపును చదివించిన జీపు అది.

"రెండు బండ్లకు జాగ లేదురా," అన్నాడు బాపు. చదువు అయిపోయింది కాబట్టి చదివించిన బండికి జాగా లేదు.

కారు సుఖంగానే ఉంది, అబద్ధమెందుకు. చల్లగా ఉంటుంది, కుదుపు తెలియదు, బెల్టు పెట్టుకునేదాకా మా హెడ్మాస్టరులా వదలదు. ఏడున్నరకు ములుగులో ఇడ్లీ తిన్నాం. అల్లం చట్నీ బాగుంది, టీ వద్దు. పస్రా దాటాక అడవి మొదలైంది, కారుకు భయం కూడా మొదలైంది. ఖాళీ రోడ్డు మీద ముందేదో ఉందని కుయ్యికుయ్యిమని అరిచి, తనంతట తానే బ్రేకు వేసింది. కాస్త దూరం పోయి మళ్లీ అదే.

"బాపూ, ముందర అమ్మ కట్టిన దండ ఊగుతాంది. దాన్ని చూసే ఆగుతాంది," అన్నాను.

"నోర్ముయ్. ఇంత పెద్ద బండికి బంతిపూలు తెల్వవా?"

తెలియవు. వాటి మధ్య కట్టిన నిమ్మకాయలూ తెలియవు. వెనక వచ్చిన బస్సు డ్రైవరు తల బయట పెట్టాడు. "ఏందన్నా, కొత్త బండి అలిగిందా? జర పక్కకు పెట్టు!"

బాపు దిగి దండ మీద చెయ్యి వేయగానే అమ్మ అడ్డం వచ్చింది. "పూజ చేసి కట్టిన. అదే ఎండి రాలాలె. తీసి పారేస్తే అరిష్టం."

ముహూర్తం దగ్గర పడుతోంది. అంతలో తాత జీపు మమ్మల్ని అందుకుంది. "పారేసుడెందుకు బిడ్డా? నా బండికి కట్టు," అన్నాడు తాత. అమ్మ ఆలోచించి ఒప్పుకుంది. సాయంత్రం తుక్కయ్యే బండికి దిష్టి తగలకుండా నిమ్మకాయలు! మామూలుగా ఇలాంటివాటికి పడీపడీ నవ్వేవాణ్ణి. నవ్వు రాలేదు.

దండ పోయాక కారు బుద్ధిగా నడిచింది. మేమే ముందు చేరాం.

మూడింటికి తిరుగు ప్రయాణంలో నేను జీపెక్కాను. నడుము విరుగుతుంది, మాట వినపడదు, దుమ్మంతా నోట్లోకే. మీరు పోదలిస్తే కారులోనే పోండి. తాత దారంతా ఒక్క మాటే అన్నాడు. "మీ బాపు చిన్నప్పుడు ఈ సీట్లనే పండుకునేటోడు."

ఇంటి ముందు పాత ఇనుము కొనే ఆయన ట్రాలీతో కాచుకుని ఉన్నాడు. జీపుకు తాడు కట్టబోతుంటే అమ్మ వచ్చింది. "ఆగు తమ్మీ. దండ ఉన్న బండిని తుక్కుకు పంపుతరా?"

"తీసేస్తే అయిపాయె," అన్నాడు బాపు.

"అదే ఎండి రాలాలె. పొద్దుగాల చెప్పలే?"

తాత తల ఎత్తకుండా గిన్నెలు దించుతున్నాడు.

ఇది జరిగి నెల. కారు వీధిలో ఎండలో నిలబడుతోంది. జీపెక్కిన నాటి నుంచి బాపుతో నేను మాట్లాడటం లేదు. బంతిపూలు ఇన్నాళ్లు ఎలా ఉంటున్నాయో ఆయనకు అంతు పట్టడం లేదు. పొద్దున్నే పాత పూల మధ్య కొత్తవి గుచ్చేది నేనే. నిన్న మాత్రం లేవడం ఆలస్యమై పరుగున పోతే, అప్పటికే తాజా పూలున్నాయి. అమ్మ వంటింట్లోకి పోతోంది, చేతిలో సూదీ దారం.