చివరి నాలుగు పేజీలు

నిన్న దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద, పాత కోచింగ్ పుస్తకాల గుట్టలో, ఎల్బీనగర్‌లోని మా చర్చి, బడి చరిత్ర పుస్తకం కనిపించింది. ఆ రెండూ కట్టించింది కెనడాలో గోధుమలు పండే ఒక రాష్ట్రపు క్రైస్తవ సంఘస్తులు. పుస్తకంలో ముందు వాళ్ల చర్చిలు, బళ్లు, దాతల పేర్లు. తర్వాత మన పాస్టర్లు, హెడ్మాస్టర్లు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఇదే పుస్తకం ఇంకో కాపీ మా ఇంటికొచ్చింది. చర్చి కట్టేటప్పుడు ఇటుకలు మోసిన నాయనమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నా పేరు యాడుందో జర సూడు బిడ్డా."

ప్రతి పేజీ వెతికాను. లేదు. చివర మాత్రం నాలుగు తెల్ల కాగితాలున్నాయి.

"ఇగో నాయనమ్మా, ఇవి మనకోసం ఉంచిన్రు."

"గట్లనా? అయితే నువ్వే రాయి. మంచిగ రాయి, దొరలు సదువుతరు."

పెన్సిల్‌తో 'మరియమ్మ, ఇటుకలు' అని రాశాను. చనిపోయేదాకా ఆమె ఆ పేజీని వచ్చినవాళ్లందరికీ చూపించింది.

ఇప్పుడు నేను ప్రింటింగ్ ప్రెస్‌లో ఇంజనీరుని. పుస్తకాలు ఒక్కో పెద్ద కాగితం మీద పదహారు పేజీల చొప్పున అచ్చవుతాయి. రాయడానికి ఇంకేమీ లేకపోతే మిగిలిన పేజీలు ఖాళీగా వదిలేస్తారు.

నిన్నటి పుస్తకం చివర కూడా తిప్పి చూశాను. నాలుగూ తెల్లగానే ఉన్నాయి.