పదహారేళ్ళకు మళ్ళీ తొక్కుడుబిళ్ళ

పొద్దున మా అపార్ట్‌మెంట్ కింద పిల్లలు సుద్దముక్కతో గళ్ళు గీస్తుంటే చూస్తూ నిలబడిపోయాను. మనకప్పుడు సుద్ద ఎక్కడిది? బొగ్గుతో గీసేవాళ్ళం. పగిలిన కుండపెంకును రాతిమీద అరగదీసి గుండ్రంగా చేసుకున్న బిళ్ళ గుర్తుందా మీకు?

పంతొమ్మిది వందల అరవైల్లో మాట. ధర్మవరంలో మా నాయన పట్టుచీరలు నేసేవాడు. నాకు పదమూడేళ్ళప్పుడు అమ్మ పోయింది. అమ్మ మగ్గానికి పట్టుదారం చుట్టిచ్చే కండెలు నా చేతికొచ్చాయి. ఏడవలేదు, నవ్వలేదు. రాట్నం ముందు కూర్చున్నాను, అంతే. పదహారేళ్ళు వచ్చేసరికి ఒళ్ళు బరువెక్కింది. బిందెడు నీళ్ళు తెస్తే ఆయాసం, కాళ్ళకు వాపు.

"కూచ్చొని కూచ్చొని మొద్దైపోతాండావు. సాయంత్రం పూట చిన్నపిల్లోళ్ళతో పోయి ఆడుకోపో," అంది అవ్వ.

"ఇంత పెద్దదాన్నా? నగుతారవ్వా."

"నగనీ. కాళ్ళు వాళ్ళవా, నీవా?"

వెళ్ళాను. మొదట్లో కాస్త కుంటితేనే రొప్పు వచ్చేది. కొన్నాళ్ళకు వాపు తీసింది, బిందె తేలికైంది. మనసుకు మాత్రం ఏమీ అనిపించేది కాదు. మందు మింగినట్టు ఆడి వచ్చేదాన్ని.

ఒకరోజు పక్కింటి చిన్నది, "అక్కా, గీత తొక్కినావు, అవుటు!" అంది.

"యాడ తొక్కినా? కండ్లు తెరిచి సూడు, గీత ఆడుండాది!" అని వీధంతా వినబడేలా అరిచాను.

అమ్మ పోయాక నా గొంతు అంతగా లేవడం అదే మొదటిసారి. లోపల మగ్గం చప్పుడు ఆగింది. నాయన గడప దాకా వచ్చి, నన్ను చూసి అక్కడే కూర్చున్నాడు. చీకటి పడేదాకా ఆడాను.